వెళ్ళేముందు చెప్పే మాట

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లలకు అన్నం కలిపి పెడుతూ మనం చెప్పే కథల్లో ఒక ఘట్టం ఎప్పుడూ వస్తూంటుంది. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి ఏదో అపురూపమైన వస్తువు తేవాలి. దారిలో కీకారణ్యం. అక్కడ మర్రిచెట్టు కింద ఒక ముని వుంటాడు, లేకపోతే గుడిసెలో పండు ముసలి అవ్వ వుంటుంది. ఆ రాత్రికి ఇంత గంజి పోస్తుంది. తెల్లవారి సాగనంపుతూ, "నాయనా, వెనకనుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడకు" అనో, "ఏడో గది తలుపు మాత్రం తియ్యకు" అనో ఒక్క మాట చెబుతుంది. ఎందుకని అడిగితే చెప్పదు. తోడు రమ్మంటే రాదు.

పిల్లలు వూరుకుంటారా? "ఆ అవ్వకు అన్నీ తెలుసు కదమ్మా, తనే వెళ్ళి తేవచ్చు కదా! పోనీ, అంతా విప్పి చెప్పచ్చు కదా!" అంటారు. "మాట్లాడకుండా తిను" అని మనం ముద్ద నోట్లో పెట్టేస్తాం. కానీ ఆ పిల్లవాడు అడిగింది చాలా మంచి ప్రశ్న. సాహసయాత్రకు బయలుదేరేవాడికి పెద్దవాళ్ళు చెప్పే ఆఖరి మాటకు అర్థం ఏమిటి? అది అంత చిన్నదిగా ఎందుకు వుంటుంది? చెప్పినవాళ్ళు పక్కకు ఎందుకు తప్పుకుంటారు? ఈవేళ దీన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇది కథలు చదివేవాళ్ళ కాలక్షేపం మాత్రమే అనుకోకండి. మాది గోరంట్ల. హిందూపురానికీ కదిరికీ మధ్య, చిత్రావతి ఒడ్డున వున్న వూరు. ఏరు పేరుకు ఏరే గాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసకే కనిపిస్తుంది. అనంతపురం సీమంతా దేశంలోకెల్లా వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది, అదీ పడవలసిన నాడు పడదు. వేసిన చెనిక్కాయ చేను వూడలు దిగే వేళకు వాన మొగం చాటేస్తే ఆ ఏటికి సేద్యం ముగిసినట్టే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా వూరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారింది గాని వాన తీరు మారలేదు. అందుకని మా వైపు ఇళ్ళలో పిల్లలు పెరగడమంటే, ఒకనాడు బెంగుళూరు బస్సెక్కడానికి పెరగడమే. చదువుకున్నవాళ్ళు ఉద్యోగానికి పోతారు, చదువు అబ్బనివాళ్ళు కూలికి పోతారు. కాబట్టి కథలోని అవ్వ పాత్ర మా తల్లులందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పట్నంలో వున్న మీకు మాత్రం తప్పుతుందా? అక్కడ బస్సు, ఇక్కడ రైలో విమానమో, అంతే తేడా.

సరే, కథల్లోకి వెళదాం. మొదటిది మాకు దగ్గరలోనే గోడకెక్కి వుంది, కాదు, పైకప్పుకెక్కి వుంది. లేపాక్షి వీరభద్రాలయం మీలో చాలామంది చూసే వుంటారు. పదహారో శతాబ్దంలో, విజయనగర ప్రభువుల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. మండపం కప్పు మీద వున్న బొమ్మల్లో కిరాతార్జునీయం కథ వుంది. మనం వేలాడే స్తంభం కింద కొంగు దూర్చి చూసి, పెద్ద నంది పక్కన ఫోటో తీయించుకుని వచ్చేస్తాం. మెడ పైకెత్తి ఆ బొమ్మల్ని కాసేపు చూస్తే ఈవేళ్టి మన విషయమంతా అక్కడే కనిపిస్తుంది.

భారతం ఆరణ్యపర్వంలో కథ ఇది. తెలుగులో ఈ భాగం నన్నయగారు రాసింది. పాండవులు అడవిలో వున్నారు. వ్యాసుడు వచ్చి ధర్మరాజుకు ప్రతిస్మృతి అనే విద్య ఉపదేశించి, దాన్ని అర్జునుడికి చెప్పి తపస్సుకు పంపమంటాడు. ధర్మరాజు తమ్ముణ్ణి ఏకాంతానికి పిలిచి విద్య చెప్పి సాగనంపుతాడు. ద్రౌపది కూడా క్షేమంగా వెళ్ళి రమ్మని దేవతలకు మొక్కి పంపుతుంది. అర్జునుడు గాండీవం పట్టుకుని ఒంటరిగా ఉత్తరానికి నడిచి ఇంద్రకీలం చేరుకుంటాడు.

అక్కడ చెట్టు కింద ఒక తాపసి. "ఇది ప్రశాంతమైన చోటు. ఇక్కడ నీకు విల్లెందుకు? పారేయి" అంటాడు. ఎంత మంచి మాటగా వుందో చూడండి! పెద్దమనిషి, పైగా తపస్సు చేసుకుంటున్నవాడు, శాంతంగా వుండమంటున్నాడు. అర్జునుడు మాత్రం విల్లు వదలడు. ఆ తాపసి ఇంద్రుడే. నిజరూపం చూపి, స్వర్గభోగాలు కోరుకో ఇస్తానంటాడు. అన్నదమ్ముల్ని అడవిలో విడిచి నేను సుఖాలు కోరుకోనా అంటాడు అర్జునుడు. అస్త్రాలే కావాలంటాడు. అప్పుడు ఇంద్రుడు ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాడు: శివుణ్ణి చూడు, చూసిన తరువాత నా దగ్గరున్న అస్త్రాలన్నీ ఇస్తాను.

ఇందులో కిటుకు గమనించండి. శివుణ్ణి చూడమన్నాడు గాని, శివుడు ఏ వేషంలో వస్తాడో చెప్పలేదు. అర్జునుడు తపస్సు చేశాడు. శివుడు వచ్చాడు. ఎలా వచ్చాడు? బోయవాడై వచ్చాడు. పంది రూపంలో వచ్చిన మూకాసురుడి మీద ఇద్దరూ ఒకేసారి బాణాలు వేశారు, నాదంటే నాదని తగువు పడ్డారు. అర్జునుడి అమ్ములపొది ఖాళీ అయింది, విల్లు పోయింది, మల్లయుద్ధంలో ఒళ్ళు నలిగింది. ఎవరి కోసం ఇన్నాళ్ళు కళ్ళు మూసుకుని కూచున్నాడో ఆయనతోనే కుస్తీ పడుతున్నానని అతనికి తెలియదు. చివరికి మట్టితో శివుడి రూపు చేసి పూలదండ వేస్తే, ఆ దండ ఎదుటి బోయవాడి తల మీద కనిపించింది. అప్పుడు తెలిసింది.

ముందే "బోయవాడు వస్తాడు, వాడే శివుడు, కాళ్ళ మీద పడు" అని ఇంద్రుడు చెప్పేస్తే ఏమయ్యేది? అర్జునుడు ఎదురుచూసి కాళ్ళ మీద పడేవాడు. పాశుపతం వచ్చేదేమో గాని, దాన్ని ధరించగలిగిన అర్జునుడు తయారయ్యేవాడు కాదు. పెద్దవాళ్ళ మాట గమ్యం చూపిస్తుంది. దారిలో ఎదురయ్యేదాన్ని గుర్తుపట్టే పని మాత్రం వెళ్ళినవాడిదే.

పాశుపతం ఇస్తూ శివుడు కూడా ఒక హెచ్చరిక చేశాడు. తొందరపడి దీన్ని అల్పుల మీద వెయ్యవద్దు, లోకమే మాడిపోతుందన్నాడు. సహాయం చేసినప్పుడు సామాను ఒక్కటీ ఇచ్చి పంపడం కాదు, దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలన్నమాట. పధ్నాలుగేళ్ళ పిల్లవాడి చేతిలో సెల్‌ఫోన్ పెట్టే తల్లిదండ్రులు ఈ మాట ఒక్కసారి ఆలోచించుకోవాలి.

రెండో కథ మీకు మరీ బాగా తెలిసినది. 1947 జూలైలో చందమామ మొదలైంది. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు గాని, భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, శంకర్‌గారు గీసిన ఆ విక్రమార్కుడి బొమ్మ మాత్రం మన కళ్ళలోంచి పోలేదు. ప్రతి నెలా బేతాళుడు కథ చెప్పడం, ప్రశ్న అడగడం, రాజు నోరు విప్పగానే శవంతో సహా చెట్టెక్కడం మనకు కంఠతా వచ్చు. కానీ ఆ కథ చివర ఏమయిందంటే చాలామంది తడుముకుంటారు. పత్రికలో కథ అలా సాగుతూనే వచ్చింది కదా!

మూలకథ పదకొండో శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో వుంది. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, రాజధాని గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం. అంటే మన సాతవాహనుల పైఠన్. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ సభకు వచ్చి ఒక పండు ఇచ్చి వెళుతూంటాడు. ఏమీ అడగడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఒకనాడు ఆ పండు ఒక కోతి చేతిలో పడి చిట్లింది. లోపలినుంచి రత్నం రాలింది. ఖజానాలో చూస్తే, అన్నాళ్ళుగా విసిరేసిన పండ్లన్నీ కుళ్ళి, రత్నాలు కుప్పగా పడి వున్నాయి. ఇన్ని ఇచ్చినవాడు ఏదో చిన్న సాయం అడిగితే కాదంటామా? శ్మశానంలో శింశుపా చెట్టుకు వేలాడుతున్న శవాన్ని తెచ్చిపెట్టమన్నాడు భిక్షువు. రాజు సరేనన్నాడు.

తరువాతిది మీకు తెలిసిందే. రాత్రంతా రాజు అటూ ఇటూ తిరుగుతూనే వున్నాడు. ఆఖరి ప్రశ్నకు మాత్రం అతని దగ్గర జవాబు లేకపోయింది. నిజంగానే తెలియక మౌనంగా నడుస్తున్న ఆ రాజును చూసి బేతాళుడు సంతోషించాడు. వెళ్ళిపోతూ ఒక మాట చెప్పాడు: ఆ భిక్షువు నిన్ను సాష్టాంగపడమంటాడు. నేను రాజును, ఒకరికి మొక్కి ఎరగను, ముందు నువ్వు చేసి చూపించు అను. వాడు నేల మీద పడుకోగానే తల నరుకు. లేకపోతే నరికేది వాడే, పడేది నీ తల.

రాజు అలాగే చేశాడు, బతికాడు. భిక్షువు కోరుకున్న విద్యాధర చక్రవర్తి పదవి రాజుకే దక్కుతుందని బేతాళుడు చెప్పనే చెప్పాడు.

ఈ మాటలో మూడు సంగతులు వున్నాయి. మొదటిది, అది ఎంత చిన్నదో చూడండి. ధర్మపన్నాలు లేవు, ధైర్యంగా వుండమని లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏమని అనాలో అంతే వుంది. ప్రమాదం మీదికి వచ్చినప్పుడు మనిషికి గుర్తుండేది అటువంటి మాటే.

రెండోది, ఆ మాట రాజును అబద్ధం చెప్పమనలేదు. కొత్త విద్య నేర్చుకోమనలేదు. రాజుకు మొక్కడం తెలియదన్నది నిజమే కదా! వున్న స్వభావాన్నే కవచంగా వాడుకోమన్నాడు. మంచి సలహా ఎప్పుడూ ఎదుటివాడి ఒంటికి కొలిచి కుట్టిన రవికెలాగా వుంటుంది. ఇంకొకరికి కుట్టింది మనకు పట్టదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఇదేదో మొదటే చెప్పచ్చు కదా, రాత్రంతా తిప్పడం దేనికి? ఆలోచించి చూడండి. ఆ రాత్రి బేతాళుడు అడిగిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే తీరువి. తప్పు ఎవరిది? ఎవరు గొప్ప? ఈ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? అంటే ఆ రాత్రంతా రాజుకు మనుషుల్ని తూచడంలో అభ్యాసం జరిగిందన్నమాట. అంత అభ్యాసం అయిన తరువాతనే, పండ్లు ఇచ్చినవాడు శత్రువనీ, సతాయించినవాడు హితుడనీ నమ్మగలిగాడు. మొదటి మలుపులోనే చెప్పి వుంటే, దయ్యం మాట నమ్మేదేమిటని దులిపేసుకునేవాడు. రోజూ రత్నాలు ఇచ్చే సాధువు మీద చెట్టుకు వేలాడే శవం చెప్పే చాడీ ఎవరు వింటారు?

కాబట్టి ఆఖరి మాట చిన్నదిగా వుండడానికి కారణం, మిగతాదంతా అప్పటికే చెప్పడం అయిపోవడమే. అది చివర వేసే ముడి. దారం ముందే వుండాలి.

మరి దారం లేనిచోట ఏమవుతుంది? దానికి మూడో కథ వుంది. మా సీమవాళ్ళం కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రానికి దర్శకుడు కె. వి. రెడ్డిగారు మా తాడిపత్రిలో పుట్టినవారు. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణిగార్లు, చందమామ పెట్టినవాళ్ళే. రచన పింగళి నాగేంద్రరావుగారిది. కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లోది. ఆ పుస్తకమంతా గురువుగారితో కలిసి చేసే ప్రయాణమే. కాశీకి పోతున్న మణిసిద్ధుడు, వెంట వచ్చిన గొల్లపిల్లవాడు అడిగే ప్రశ్నలకు మజిలీ మజిలీకీ కథలు చెబుతూ పోతాడు.

సినిమాలో తోటరాముడు మాంత్రికుణ్ణి నమ్మి గుహకు వెళతాడు. బలికి ముందు స్నానం చేసి రమ్మంటాడు మాంత్రికుడు. కొలనులో మొసలి పట్టుకుంటుంది. రాముడు దాన్ని చంపగానే, అది శాపం తీరిన దేవకాంతగా మారి అసలు సంగతి చెబుతుంది: బలి కాబోయేది నువ్వే, జాగ్రత్త. ఆ మాట పట్టుకుని రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, కోరినదిచ్చే పాతాళభైరవి ప్రతిమ సంపాదించుకుంటాడు.

అక్కడితో శుభం కార్డు పడిందా? లేదే! మాంత్రికుణ్ణి శిష్యుడు బతికిస్తాడు. ప్రతిమ చేతులు మారుతుంది. మేడలూ పోతాయి, రాకుమారీ పోతుంది. రెండోసారి ఏ దేవకాంతా వచ్చి చెవిలో చెప్పలేదు. తోడు వచ్చింది స్నేహితుడు అంజిగాడు. మిగిలింది తన తెలివి, తన తెగువ. చూశారా, దారిలో ఎవరో దయతలచి చెప్పిన మాట ఒక్క తలుపుకే తాళం. ఇంటికి తలుపులు చాలా వుంటాయి. సినిమాలో రెండో సగమంతా ఆ మిగతా తలుపుల కథే.

చెప్పిన మాట తప్పితే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. దీనికి ఒక దూరదేశపు కథ చెబుతాను. ఇంగ్లీషులో టోల్కీన్ అనే ఆచార్యుడు 1937లో హాబిట్ అనే పిల్లల నవల రాశాడు. అందులో పదమూడు మంది మరుగుజ్జు వీరులూ, బిల్బో అనే ఇల్లు కదలని మనిషీ, కొండలో వున్న నిధి కోసం బయలుదేరుతారు. వెంట గాండాల్ఫ్ అనే మాంత్రికుడు, మన లెక్కలో గురువు. చిమ్మచీకటి అడవి మొదట్లో ఆయన, నాకు వేరే పనుంది, నేను రాను అంటాడు. పోతూ పోతూ ఒకటే చెబుతాడు: బాట వదలకండి.

వాళ్ళు వదిలారు. ఎందుకు వదిలారు? పొగరుతో కాదు, ఆకలితో. తిండి అయిపోయింది. చెట్ల మధ్య దూరంగా దీపాలు, విందు వాసనలు. ఆగలేకపోయారు. పోయి సాలీళ్ళ వలలో పడ్డారు. కరువు సీమలో పుట్టినదాన్ని కనుక ఈ చోట నా మనసు ఆగిపోతుంది. మనం మాట వినని పిల్లల్ని పొగరుబోతులంటాం. కానీ బాట వదిలిన పిల్లల్లో సగంమంది ఏదో ఒక ఆకలితోనే వదులుతారు. కడుపాకలి కావచ్చు, డబ్బాకలి కావచ్చు, ఎవరైనా మెచ్చుకుంటే బాగుండునన్న ఆకలి కావచ్చు. బాట వదలవద్దని చెప్పేటప్పుడు దారి బత్తెం సరిపోతుందో లేదో కూడా చూడాలి మరి!

ఆ కథలో ఇంకో విశేషం వుంది. అందర్నీ ఆ వలల్లోంచి విడిపించింది ఎవరనుకున్నారు? ఎందుకూ కొరగాడని అందరూ అనుకున్న ఆ బిల్బోనే. గురువు పక్కన వున్నంతకాలం అతను గురువు చాటున వున్నాడు. గురువు లేని చీకట్లో కత్తి పట్టాడు. పిల్లవాడు అడిగిన "అవ్వే వెళ్ళి తేవచ్చు కదా" అన్న ప్రశ్నకు జవాబు ఇది. అవ్వ వెళితే వస్తువు వస్తుంది, మనిషి తయారు కాడు.

మన రామాయణంలో జాంబవంతుడు చేసింది కూడా ఇదే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. ఆ వూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. తోలుబొమ్మలాటలో సుందరకాండ వచ్చిందంటే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూచుంటారు. సముద్రం ముందు కోతులన్నీ డీలాపడి వుంటే, జాంబవంతుడు హనుమంతుడికి దారి చెప్పలేదు, లంక గుట్టు చెప్పలేదు. నువ్వెవరివో గుర్తు తెచ్చుకో అన్నాడు, అంతే. కొందరికి జాగ్రత్త చెప్పాలి. కొందరికి వాళ్ళ బలం చెప్పాలి. ఎవరికి ఏది చెప్పాలో తెలిసినవాడే పెద్ద.

ఇంతవరకూ మగవాళ్ళ మాటలే అయ్యాయంటారేమో. ఆఖరున ఒక తల్లి మాట చెబుతాను. రాముడు అడవికి బయలుదేరాడు, లక్ష్మణుడు కూడా వెళుతున్నాడు. కొడుకు తనంతట తాను పోతున్నాడు, పొమ్మని ఎవరూ అనలేదు. సుమిత్ర వద్దని అడ్డు పడవచ్చు. ఏడవవచ్చు. వాల్మీకి రామాయణంలో ఆమె చెప్పింది ఇది: అన్నను తండ్రిగా చూసుకో, వదినను నేననుకో, అడవే అయోధ్య అనుకో, హాయిగా వెళ్ళిరా.

పద్నాలుగేళ్ళకు సరిపడే మాట అది. జాగ్రత్తల జాబితా కాదు. కొత్తచోట పాత ఇల్లు ఎక్కడ దొరుకుతుందో చూపించింది. అక్కడ నీకు తండ్రి వున్నాడు, తల్లి వుంది, వూరు వుంది, వెతుక్కో అన్నది. బాధంతా తాను మింగి, కొడుకు మూటలో బరువు పెట్టకుండా పంపింది. అప్పగింతలనాడు కూతురి చెయ్యి పట్టుకుని మనం చెప్పవలసిన మాట ఇటువంటిదే గాని, ఆనాడు మన గొంతు పెగలదు కదూ!

ఇక మన సంగతికి వద్దాం. బస్సు దగ్గరో, స్టేషన్లోనో మనం ఏం చెబుతాం? "బయట తిండి తినకు, చలికి తిరగకు, డబ్బు జాగ్రత్త, ఫోన్ చెయ్యి, తలకు నూనె పెట్టుకో, ఎవర్నీ నమ్మకు." ఊపిరి తిరగకుండా పదీ పదిహేనూ చెబుతాం. అందులో తప్పేమీ లేదు, అది ప్రేమ. కానీ అవతలివాడు కిటికీలోంచి "సరే సరే" అంటూంటాడు. బస్సు కదిలేసరికి ఒక్కటీ మిగలదు. ఎవర్నీ నమ్మకు అంటే, రేపు ఒంట్లో బాగాలేనప్పుడు పక్క గదివాణ్ణి కూడా పిలవకూడదా? పొసగని మాట చెబితే, చెప్పిన మంచి మాటకు కూడా విలువ పోతుంది.

కథలు నేర్పేది చూస్తే, ఒక్కటి ఎంచుకోవాలి. అది కచ్చితంగా వుండాలి. డబ్బు జాగ్రత్త అనడం కంటే, "నీ ఫోన్‌కు వచ్చిన నంబరు బ్యాంకువాళ్ళమని చెప్పి అడిగినా సరే, ఎవరికీ చెప్పకు" అన్నది మేలు. మోసపోకు అనడం కంటే, "చదవని కాగితం మీద సంతకం పెట్టకు. పెట్టమని తొందరపెడితే, మా అమ్మకు చదివి వినిపించి రేపు పెడతానను" అన్నది మేలు. ఇది బేతాళుడి పద్ధతే. అనవలసిన మాట కూడా నోటికి అందించాం. పైగా అది నిజం కూడా. అమ్మకు వినిపించడంలో ఏం తప్పుంది? ఏమీ అడక్కుండా రోజూ పండు ఇచ్చే క్షాంతిశీలులు ఈ కాలంలో మరీ ఎక్కువయ్యారు. ఊరికే అప్పు ఇస్తామంటారు, విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామంటారు, స్నేహమంటూ నెలల తరబడి తియ్యగా మాట్లాడతారు. ఒక్కసారికి పండు పగలగొట్టి చూడమని పిల్లలకు చెప్పాలి.

ఆ చెప్పేది వాళ్ళ ఒంటికి సరిపోవాలి. పెద్దవాడికి చెప్పిందే చిన్నదానికి చెబితే కుదరదు. మొహమాటస్తుడికి "కాదు" అనడం నేర్పాలి. దూకుడు పిల్లకు "ఒక రాత్రి ఆగి జవాబు చెప్పు" అనాలి. దిగులు పిల్లవాడికి జాంబవంతుడిలాగా, "పదో తరగతిలో లెక్కలంటే భయపడి, చివరికి గట్టెక్కింది నువ్వే కదరా" అని గుర్తు చెయ్యాలి.

దారం ముందే వుండాలన్నది మాత్రం మరచిపోకూడదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్ళు వూరికే అనలేదు. ఆఖరి మాట పిల్లల చెవిలో నిలవాలంటే, అంతకు ముందు పదేళ్ళూ వాళ్ళతో మాటలు జరిగి వుండాలి. బేతాళుడిలాగా మనం కూడా వాళ్ళను అడుగుతూ వుండాలి. "ఈ కథలో తప్పు ఎవరిదే? నువ్వయితే ఏం చేసేదానివి?" అని అడిగి, వాళ్ళు చెప్పే జవాబు మనకు నచ్చకపోయినా వినాలి. అన్నం తినేటప్పుడు వాళ్ళు అడిగే ఎందుకులకు నోట్లో ముద్ద పెట్టి మూసెయ్యకూడదు. టీవీ కట్టేసి ఒక అరగంట చాలు. పెద్ద ఖర్చు లేని పని.

ఒకటి మాత్రం కథల్లో అవ్వలు చెప్పరు, మనం చెప్పాలి. కథలో రాజకుమారుడు ఏడో గది తలుపు తీస్తే రాయి అయిపోతాడు. మన పిల్లలు రాళ్ళు కాకూడదు. అందుకని, "ఎప్పుడైనా నా మాట తప్పావనుకో, డబ్బు పోగొట్టుకున్నావనుకో, పరువు పోయిందనుకో, అది దాచుకుని అక్కడే వుండిపోకు. ఎంత రాత్రయినా ఇంటికి రా. ముందు అన్నం పెడతాను, తరువాతనే అడుగుతాను" అని చెప్పి పంపాలి. పంపే మాటతో పాటు తిరిగి వచ్చే దారి కూడా చెప్పిన తల్లికి, పిల్లలు ఎంత దూరాన వున్నా కొంచెం నిద్ర పడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతూంటే, పచ్చడి సీసాలు సర్దేటప్పుడే ఆ ఒక్క మాట ఏదో కూడా ఆలోచించి పెట్టుకోండి. ఆఖరి నిమిషంలో తోచదు.

సెలవు.